గ్రీజు తాగిన రబ్బరు

కౌంటర్ మీద గ్రీజు డబ్బా కనిపిస్తే సుధారాణికి అరికాలి మంట నెత్తికెక్కుతుంది. కామారెడ్డి స్టేషన్ రోడ్డులో ఆమెది కంప్యూటర్లు బాగుచేసే దుకాణం. అక్కడ గ్రీజుకేం పని? డబ్బా ఆమె బాపు సిద్ధిరాములుది. ఎన్నిసార్లు లోపల పెట్టినా మళ్లీ తెచ్చి కీబోర్డుల పక్కనే పెడతాడు. ఆ రోజు పొద్దున కూడా దాన్ని విసురుగా తీసి గూట్లో పడేయబోతుంటే మూత ఊడి చేతికొచ్చింది. మూత లోపలి గ్రీజులో ఒక చిన్న నల్ల రబ్బరు రింగు ఇరుక్కుని ఉంది.

ఆ రింగును ఆమె వెంటనే గుర్తుపట్టింది. సొరుగులోంచి అదే రకం కొత్త రింగు తీసి పక్కన పెట్టి చూసింది. కొత్తది సన్నగా, బిగువుగా ఉంది. గ్రీజులో ఉన్నది నానబెట్టిన శనగగింజలా ఉబ్బిపోయి, రెండు వేళ్ల మధ్య పట్టుకుంటే మెత్తగా జారిపోతోంది.

"బాపూ!" అని కేకవేయబోయి నోరు మూసుకుంది.

బయట సిద్ధిరాములు ఎదురు టీకొట్టు సాయన్నకు చెప్పిందే మళ్లీ చెబుతున్నాడు. "కంప్యూటరంటె ఏందో అనుకున్నవ్ సాయన్నా! అది గూడ మన బోరు మోటరసొంటిదే. నీళ్లు తిరుగుతయ్, ఏడిని గుంజుకపోతయ్. ఎల్లారెడ్డిల ఆ మిషన్‌కు జాయింట్లన్ని నేను బిగించినయే. ఒక్క చుక్క కారితె నన్నడుగు!"

సాయన్న పాపం తల ఊపుతున్నాడు. రోజూ టీ తాగే గిరాకీ ఏం చెప్పినా తల ఊపాల్సిందే కదా. కానీ ఆ మాటలు వింటున్న కూతురు మాత్రం ఉబ్బిన రింగును గుప్పిట్లో దాచేసింది.

సంగతి ఏమిటంటే, ఎల్లారెడ్డిలో శైలేందర్ అని పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేసే కుర్రాడున్నాడు. అతని స్టూడియో రేకుల గది. ఎండాకాలం అందులో కూచుంటే మనిషే ఉడికిపోతాడు, ఇక కంప్యూటర్ సంగతి చెప్పాలా? సరిగ్గా తలంబ్రాల దగ్గరికి వచ్చేసరికి వేడెక్కి ఆగిపోయేది. గాలి పంకాలు ఎన్ని బిగించినా లాభం లేక, నీళ్లతో చల్లబడే మిషన్ కట్టిపెట్టమని సుధారాణి వెంటపడ్డాడు. చల్లబడితే చాలదట, గొట్టాల్లో నీలం రంగు నీళ్లు మెరుస్తూ కనబడాలట! ఏదో వీడియోలో చూశాడు మహానుభావుడు.

కంపెనీ నుంచి నీళ్లు నింపి, మూసి వచ్చే కూలర్లు ఆమె చాలానే బిగించింది. ముక్కలు విడివిడిగా తెప్పించి, గొట్టాలు కోసి, తన చేత్తో జాయింట్లు వేయడం మాత్రం అదే మొదటిసారి. నీళ్లు, గొట్టం, జాయింటు అన్న మాటలు చెవిన పడగానే మూల స్టూలు మీద కూచున్న సిద్ధిరాములు తలెత్తాడు.

దోమకొండ, భిక్నూర్, మాచారెడ్డి చుట్టుపక్కల ఆయన దింపని బోరు మోటారు లేదు. ఒకనాడు పైపులు పైకి లాగుతుంటే కుడి భుజం జారింది. అది మళ్లీ మునుపటిలా కాలేదు. భార్య పోయాక కూతురింటికి వచ్చాడు. అల్లుడు సంతోష్ మస్కట్‌లో ఉంటాడు కాబట్టి అల్లుడింట్లో తింటున్నానన్న నామోషీ కాస్త తక్కువ. పని లేదన్న నామోషీ మాత్రం మనిషిని లోపల్లోపల కొరికేసింది. "తిని కూసునుడేనాయె నా బతుకు" అంటూ కంచంలో సగం అన్నం వదిలేసి లేచేవాడు. అలా వదిలేసిన కంచాన్ని రోజూ కడగడం ఎంత కష్టమో కడిగినవాళ్లకే తెలుస్తుంది.

అలాంటి మనిషి ఆ రోజు లేచి వచ్చి, ఇత్తడి ఫిట్టింగును కళ్ల దగ్గర పెట్టుకుని తిప్పి చూసి, "పావించు మర" అన్నాడు. కొలిస్తే సరిగ్గా పావు అంగుళమే.

ఆ పై రోజులన్నీ తండ్రీకూతుళ్లు కొట్లాడుకుంటూనే సామాను ఎంచుకున్నారు. చల్లబరిచే దిమ్మె రాగిది కాబట్టి అల్యూమినియం ఫిట్టింగులు దగ్గరికి రానివ్వకూడదు, నీళ్లలో రెండు లోహాలు కలిస్తే ఒకదాన్నొకటి తినేస్తాయి. ఇక్కడ ఇద్దరి మాటా ఒకటే అయింది. గొట్టం లోపలి కొలత ఒక్కటే చూస్తే చాలదు, బయటి కొలత కూడా ఫిట్టింగు నట్టుకు పట్టాలి. అదీ సరిపోయింది. మరుసటి రోజు సిద్ధిరాములు హార్డ్‌వేర్ దుకాణం నుంచి పైపులు కలిపే ఇత్తడి నిప్పల్ ఒకటి తెచ్చి, "ఇది గూడ పావించే, మస్తు గట్టిది" అన్నప్పుడు మొదలైంది అసలు గొడవ.

"దాని మర మొదట్ల లావు, కొసకు సన్నం బాపు. బిగించిన కొద్ది చీల్చుకుంట పోతది. ఇనుప పైపుకు మంచిదే, ఈ ప్లాస్టిక్ ట్యాంకు పలుగుతది. మన ఫిట్టింగుల మర పొడుగునా ఒక్క తీరే ఉంటది. మర పట్టుకుంటది గంతే, నీళ్లను ఆపేది ఈ రబ్బరు రింగు."

"అయితె తెల్ల టేపు సుట్టాలె."

"టేపు వద్దు, నార వద్దు, పానా అసలే వద్దు. చేత్తోటి ఆగేదాక తిప్పితె సాలు."

"టేపు లేని జాయింటు ఏం జాయింటే!" అని రుసరుసలాడాడు గానీ, చివరకు కూతురి మాటే విన్నాడు. టేపు చుట్టలేదు. పానా ముట్టలేదు.

రింగుల విషయంలోనూ సుధారాణి ఆచితూచి ఎంచుకుంది. వేడి నీళ్లకూ, అందులో కలిపే మందుకూ ఏళ్ల తరబడి తట్టుకునే రబ్బరు అది. దానికి పడనిది నూనె ఒక్కటే. డీజిలు గానీ, గ్రీజు గానీ తగిలితే తాగేసి ఉబ్బిపోతుంది. ఈ ఒక్క ముక్కా బాపుకు చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం వస్తుందని తోచనే లేదు. బోరు మెకానిక్కుల సంగతి తెలిసి కూడా తోచలేదు, అదీ విడ్డూరం! వాళ్లకు రబ్బరు కనబడితే వేలు దానంతట అది గ్రీజులోకి పోతుంది. అది ఆలోచించి చేసే పని కాదు, గుడి ముందు చెప్పులు విడిచినట్టు ఒక ఆచారం. ఆమె గిరాకీతో మాట్లాడటానికి అటు తిరిగిన కాసేపట్లో సిద్ధిరాములు తన ఆచారం తాను కానిచ్చేశాడు.

మిషన్‌ను శైలేందర్ వచ్చి కారులో తీసుకుపోయాడు. ఆ పూట సిద్ధిరాములు మారడిగి అన్నం పెట్టించుకున్నాడు. అప్పటి నుంచి కంచం ఖాళీగానే లేస్తోంది.

ఇప్పుడు ఆ రింగు అరచేతిలో పెట్టుకుని సుధారాణి గబగబా లెక్కవేసుకుంటోంది. మూతలోది ఉబ్బిందంటే, మిషన్ లోపలివి కూడా ఉబ్బే ఉంటాయి. ఉబ్బినవి గాడిలోంచి బయటికి తన్నుకొస్తాయి. కింద ఉన్నది కరెంటు సామాను. మిషన్ పోతే నానా తంటాలు పడైనా ఇంకోటి కట్టొచ్చు. బాపు చేతిలోంచి ఈ పని కూడా పోతే, ఈసారి ఆయన ఆ స్టూలు మీంచి లేవడు.

శైలేందర్‌కు ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేసింది. చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుంటే అతనికి పిడుగు పడ్డా వినపడదు. 'మిషన్ వెంటనే బంద్ చెయ్' అని మెసేజ్ పెట్టి, అతను చదివితే దాని పక్కన ఉన్న రెండు గీతలు నీలం రంగులోకి మారతాయేమోనని చూస్తూ నిలబడింది. మారలేదు.

కొత్త రింగుల పొట్లం, నీళ్ల మందు సీసా, టిష్యూ కాగితాల కట్ట సంచిలో వేసుకుంది. స్కూటీ మీద ఒక్కతే పోవాలి. గుట్టుచప్పుడు కాకుండా రింగులు మార్చేసి రావాలి. బాపుకు ఏమీ తెలియక్కర్లేదు.

"ఎటు బిడ్డ?" అన్నాడు సిద్ధిరాములు గుమ్మంలోనే.

"ఎల్లారెడ్డికి. శైలేందర్ ఏందో సాఫ్ట్‌వేర్ ఎయ్యాలంటున్నడు."

"నేనొస్త నడువు. నా జాయింట్లు జూసుకోవాలె."

"గీ ఎండల నువ్వెందుకు బాపు?"

"పిల్లనిచ్చినంక ఒక్కపారన్న పోయి జూసి రావద్దా?" అన్నాడాయన నవ్వుతూ. ఆ నవ్వు చూశాక ఆమె స్కూటీ తాళం మళ్లీ సొరుగులో పడేసింది.

ఆయన భుజానికి స్కూటీ కుదుపులు పడవు. అంటే బస్సే. బయల్దేరడమన్నా తొందరగా జరిగిందా అంటే, అదీ లేదు. మొహం కడుక్కున్నాడు. ఇస్త్రీ అంగీ తొడుక్కున్నాడు. పానాల సంచి దులిపాడు. పానాలెందుకయ్యా అంటే, మెకానిక్కు ఉత్త చేతుల్తో పోతే ఇజ్జత్ ఉండదట! సుధారాణి కాలుగాలిన పిల్లిలా దుకాణం లోపలికీ బయటికీ తిరిగింది.

బస్సు నిండా జనం. కండక్టర్ ఆమెకు ఆడవాళ్లకిచ్చే పైసల్లేని జీరో టికెట్టూ, ఆయనకు మామూలు టికెట్టూ కొట్టిచ్చాడు. తాడ్వాయి దాటకముందే సిద్ధిరాములు పక్క సీటాయనతో స్నేహం కలిపేశాడు.

"నీళ్లు, కరెంటు ఒక్క డబ్బల ఎట్లుంటయే?" అని ఆ పక్క సీటాయన నోరు తెరిచాడు.

"అందుకే మనిషి గావాలె! జాయింటు తెలిసినోడు ఉంటె నీళ్ల జాగల నీళ్లుంటయ్, కరెంటు జాగల కరెంటు ఉంటది."

సుధారాణి కిటికీలోంచి బయటికి చూస్తూ ఆ మాటలన్నీ మింగింది. ఆమెకు కోపం వచ్చింది. నిజంగానే, పళ్లు కొరుక్కునేంత కోపం వచ్చింది. చెప్పకుండా ఎందుకు పెట్టాలి? ఆయన వెనక అన్నేళ్ల అనుభవం ఉంటే మాత్రం, ఒక్క మాట అడిగితే ఏం పోయింది? అంతలోనే తనూ చెప్పలేదు కదా అని గుర్తొచ్చి ఆ కోపం తన మీదికే తిరిగింది. ఫోన్ తీసి చూసింది. గీతలు ఇంకా బూడిద రంగులోనే ఉన్నాయి. లింగంపేటలో బస్సాపి డ్రైవర్ టీకి దిగాడు. ఆ టీ ఎంతకీ అయిపోలేదు. ఇంకోసారి ఫోన్ చేసింది, మళ్లీ మోగి ఆగిపోయింది.

"ఏందే బిడ్డ, పానం బాగలేదా? చెమటలు వడ్తున్నయ్" అన్నాడు సిద్ధిరాములు.

"ఉక్కపోత బాపు" అంది.

ఎల్లారెడ్డిలో దిగాక ఆమె నడవలేదు, దాదాపు పరుగెత్తింది. సిద్ధిరాములు తీరిగ్గా దారిలో మోటారు వైండింగ్ దుకాణం ముందు నిలబడి చూపులు చూస్తుంటే రెక్క పట్టుకుని లాక్కుపోయింది.

స్టూడియోలో శైలేందర్ చెవులకు హెడ్‌ఫోన్‌తో తెరకు అతుక్కుని ఉన్నాడు. తెర మీద పెళ్లి బరాత్ చిందులేస్తోంది. పక్కన అద్దం తలుపు వెనక మిషన్ నీలంగా మెరుస్తోంది. వీళ్లను చూడగానే లేచాడు. "అక్కా! అరే, కాకా గూడ వచ్చిండు! కూసో కాకా."

"ముందుగాల మిషన్ బంద్ చెయ్."

"జెరసేపట్ల అయిపోతదక్కా. మాపటికి రిసెప్షన్ల తెర మీద ఎయ్యాలె..."

"బంద్ చెయ్యమంటున్న గదా!"

ఆ అరుపుకు అతను బిత్తరపోయి, చేస్తున్న పని సేవ్ చేసి మిషన్ ఆపాడు. సుధారాణి అద్దం తలుపు ఊడదీసి టార్చి వేసింది. అన్నిటికన్నా కింది జాయింటు దగ్గర రింగు గాడిలోంచి పెదవిలా బయటికొచ్చి ఉంది. దాని కొసన ఒక నీలం చుక్క వేలాడుతోంది. కింద గ్రాఫిక్ కార్డు వీపు మీద అప్పటికే ఒక చుక్క పడి ఉంది. ఇంకాసేపు ఆగి ఉంటే అది పక్కకు జారేది. ఆమె మిషన్ ముందు నేల మీదే కూచుంది. కార్డు మీది తడిని కాగితంతో ఒత్తి తీసింది.

"బాపూ, నువ్వు పోయి జెర చాయ్ తాగిరా."

"నాకొద్దు" అన్నాడు సిద్ధిరాములు. ఆయన చూపు ఆ చుక్క మీదే ఉంది.

ఇక దాచే దారి లేకపోయింది. నీళ్లన్నీ సీసాలోకి దింపి, ఫిట్టింగు చేత్తో విప్పింది. వదులైన రింగు జిడ్డుతో సహా జారి ఆమె అరచేతిలో పడింది.

శైలేందర్ వంగి చూశాడు. "గ్రీజా? దీనికి గ్రీజెవరు పెట్టిండ్రక్కా?"

"నేనే" అంది సుధారాణి తల ఎత్తకుండా. "తొందరల పొరపాటైంది."

"నువ్వు సదువుకున్నదానివి గదక్కా! తెల్వకుంటె కాకాను అడగరాదు? అంత పెద్ద మెకానిక్‌ను ఇంట్ల పెట్టుకొని!"

వెనక నిలబడ్డ తండ్రి ఏదైనా అంటాడేమోనని సుధారాణి ఎదురుచూసింది. ఎదురుచూసినందుకు సిగ్గుపడింది కూడా. ఆయన పోయి గుమ్మం దగ్గర వీపు తిప్పి నిలబడ్డాడు. అయిపోయింది, అనుకుందామె. ఆయన రోడ్డు వైపు చూస్తున్నా, ఆ చూపు మళ్లీ మూల స్టూలు మీదికే పోయిందని ఆమెకు అనిపించింది.

ఒక్కొక్క జాయింటే విప్పి, ఉబ్బిన రింగులు తీసి, గాడులన్నీ సబ్బు నీళ్లతో తుడిచింది. కొత్త రింగు ఎక్కించి తిప్పింది. రింగు మెలిపడి మర కింద నలిగి తెగింది. ఇంకోటి తీసింది. అదీ మెలిపడింది. పొట్లంలో మిగిలినవి లెక్కపెట్టింది. శైలేందర్ గడియారం వైపు చూస్తున్నాడు.

"ఆగు."

సిద్ధిరాములు ఎప్పుడు వచ్చాడో ఆమె పక్కన గొంతుక్కూచున్నాడు. తెగిన రింగు తీసుకుని వెలుతురుకు పట్టి చూశాడు.

"ఎండు రబ్బరును తిప్పితె గిట్లనే మెలివడ్తది. అందుకే నేను గ్రీజు పెట్టిన."

ఆ మాట ఆయన తప్పు ఒప్పుకుంటున్నట్టు అనలేదు, వాదనకు దిగినట్టు అన్నాడు. శైలేందర్ నోరు వెళ్లబెట్టాడు. "అంటే గ్రీజు నువ్వు పెట్టినవా కాకా?"

"మరి ఎవలు పెడ్తరు? ఈమె అబద్దమాడుతుంది. నేను గ్రీజు పెట్టుడు తప్పే, ఆ ఉబ్బిన తీరు నాకు కనవడ్తలేదా? గని ఈమె ఎండుగ ఎక్కిచ్చుడు గూడ తప్పే."

"బాగున్నది! ఇద్దరి తప్పులకు నా మిషనే దొరికిందా?" అన్నాడు శైలేందర్. నవ్వబోయి ఆపుకున్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "అక్కా, తప్పుగ అనుకోకు. ఇగ కాకా చెయ్యి పెట్టకపోతేనే మంచిది" అన్నాడు.

అతని మాటలో తప్పు పట్టడానికేమీ లేదు. సొమ్ము అతనిది, పరువు అతనిది. సుధారాణి తండ్రి మొహం వైపు చూడలేకపోయింది.

సిద్ధిరాములు మాత్రం ఆ మాట విననట్టే ఉన్నాడు. రింగును ఇంకా వేళ్ల మధ్య తిప్పుతూనే ఉన్నాడు. "దీనికి నూనె వడది. గట్లనే ఎండుగ వోదు. మరి ఏం వడ్తదే బిడ్డ దీనికి?"

కంగారులో బుర్రలోంచి ఎగిరిపోయిన ముక్క అప్పుడు తట్టింది ఆమెకు. "దీంట్ల తిరిగే నీళ్లే బాపు. ఆ మందు నీళ్లు ఒక్క చుక్క అద్దితె సాలు, జారుతది."

ఆయన సీసా వైపు చెయ్యి చాపబోయి ఆగాడు. తన వేళ్లు తాను చూసుకున్నాడు. లేచి బయట నల్లా దగ్గరికి పోయాడు. చాలాసేపు నీళ్ల చప్పుడు వినిపించింది. తిరిగి వచ్చి, తడి చేతులు రెండూ కూతురి ముందు చాపి, ముందూ వెనకా తిప్పి చూపించాడు.

"పోయిందా?"

సుధారాణి ఆ చేతులు పట్టుకుని చూసింది. ఎన్ని బోర్ల నలుపో, గోళ్ల మూలల్లో గూడు కట్టుకుని ఉంది. అబద్ధం చెప్పొచ్చు. పొద్దున్నుంచి చెబుతూనే ఉంది కదా.

"గోర్లల్ల ఇంక ఉన్నది బాపు."

ఆయన మళ్లీ నల్లా దగ్గరికి పోయాడు. ఈసారి శైలేందరే లేచి, అంట్లు తోమే సబ్బూ పాత బ్రష్షూ తీసుకుని ఆయన వెనకే వెళ్లాడు.

తర్వాతి రింగు ఒక్క చుక్కకే గాడిలో కుదురుకుంది. మిగతావీ అంతే. చెయ్యి ఆగేదాకా తిప్పి, అక్కడ ఆపి, ప్రతిసారీ కూతురి వైపు చూశాడు. ఆమె తలూపాక గానీ ఇంకోదానికి పోలేదు. నీళ్లు నింపి, కంప్యూటర్‌కు కరెంటు ఇవ్వకుండా లోపల నీళ్లు తిప్పే పంపు ఒక్కటే నడిపించి, జాయింటు జాయింటుకూ కింద టిష్యూ కాగితం పరిచి ముగ్గురూ కూచున్నారు. ఎవరికీ కుదురు లేదు. సుధారాణి పదేపదే కాగితాలు తాకి చూసింది. శైలేందర్ రిసెప్షన్ వాళ్ల ఫోన్లకు ఇగో వస్తున్న, అగో వస్తున్న అని సర్దిచెప్పాడు. ఎండ గుమ్మం దాటి లోపలికి వాలింది. కాగితాలు పొడిగానే ఉన్నాయి.

మిషన్ వేశారు. బరాత్ ఆగిన చోట మళ్లీ చిందు మొదలుపెట్టింది. అప్పుడు గానీ శైలేందర్ కుర్చీలో వెనక్కి వాలలేదు.

"ఇంతకు, మళ్ల ఏమన్నయితె ఎవ్వరికి ఫోన్ చెయ్యాలె? నీకా, అక్కకా?"

సుధారాణి నోరు తెరిచేలోపే సిద్ధిరాములు పానాల సంచి భుజానికెత్తుకుని, "నాకే చెయ్యి కొడుకా" అన్నాడు. "బిడ్డనడిగి వస్త."